మహారాజశ్రీ 3000 వాట్స్ గారికి

ఉభయకుశలోపరి. ఇన్వర్టర్ పెట్టె మీద ఎర్రటి అక్షరాల్లో, పక్కన మెరుపు బొమ్మతో వెలిగిపోతున్న తమరికి సఖినేటిపల్లి నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, తమరిని చూసి మా బావగారు మనసు పారేసుకున్నారు. పాత ట్రావెలర్ వ్యాను కొని, సీట్లు పీకించి, మంచం, సింకు, పైన సోలార్ పలకలు పెట్టించారు. అంతర్వేది తీర్థం మొదలు మారేడుమిల్లి అడవి దాకా ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లని ఊరంతా చాటారు. చివరికి కరెంటు సంగతి వచ్చింది. కొట్లో రకరకాల పెట్టెలు చూపిస్తే "పెద్ద నంబరున్నది ఇవ్వండి" అన్నారట. గోదావరి మనిషి కదండీ, విస్తరి ముందు కూర్చున్నా ఇన్వర్టర్ కొన్నా తక్కువకి ఒప్పుకోరు.

పెట్టె ఇంటికొచ్చాక తిరగేసి చూశాను. తమరి నామధేయం పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "పీక్" అని ఉంది. అడుగున, బార్‌కోడ్ చాటున, అంతకన్నా సన్నగా "కంటిన్యువస్ 1500" అని ఉంది. అంటే ఆగకుండా ఇవ్వగలిగేది 1500 వాట్సే, అసలు పనిచేసేది ఆయనన్నమాట. తమరేమో పెళ్లికొచ్చి, అక్షింతలు వేసి, ఫోటోకి నిలబడి, విస్తళ్లు పరిచేలోపు కారెక్కే పెద్దమనిషి. వడ్డన మొత్తం ఆ 1500 గారి నెత్తిన. తమరి ఆయుర్దాయం సెకనో, మహా అయితే కొద్ది సెకన్లో.

అలాగని తమరు దండగ అనను. 100 వాట్స్‌తో నడిచే చిన్న ఫ్రిజ్జు కూడా కంప్రెసర్ లేచే క్షణంలో అయిదారింతలు లాగుతుంది. ఆ క్షణానికి తమరు కావాలి. అన్నం కుక్కర్ అలా కాదు, 700 అంటే ఉడికినంతసేపూ 700.

బావగారు బోణీ ఆ కుక్కర్‌తోనే చేశారు. స్విచ్చి నొక్కగానే తమరు కీచుకీచుమని అరిచి ఆరిపోయారు. "బ్యాటరీ డౌనయిందేమో" అన్నారు. మళ్లీ నొక్కించి, అరుపు వినిపిస్తున్న ఆ కాసేపట్లోనే మీటరు పెట్టి చూశాం. బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులుంది, ఇన్వర్టర్ దగ్గర 10.2. మధ్యలో రెండు వోల్టులు ఎవరు తిన్నారా అని వైరు పట్టుకుంటే చురుక్కుమంది. ఎర్ర వైరు తొడుగు మెత్తబడి వేలి ముద్ర పడింది. 10.5 కిందికి దిగితే ఆగిపొమ్మని తమరికి లోపల ఆజ్ఞ ఉంది కనుక తమరు ఆగిపోయారు. అందులో తమరి తప్పేం లేదు. తప్పల్లా పెట్టెలో ఆ సన్న వైర్లు పెట్టి పంపినవాళ్లది.

లెక్కేమీ బ్రహ్మవిద్య కాదు. 700ని 12తో భాగిస్తే 58 ఆంపియర్లు. తమరి ఒంట్లో వేడిగా పోయేది కలిపితే 65 దాకా వస్తుంది. ఆ 1500 గారిని పూర్తిగా పనిచేయిస్తే 140. ఇంటి వైరింగులో ప్లగ్గులకి లాగే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు దీనికి ఆనుతుందా? 35 స్క్వేర్ కేబుల్ కావాలి, దూరం పెరిగితే 50 కావాలి, బ్యాటరీని ఆనుకుని ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టర్‌ని బ్యాటరీకి ఎంత దగ్గర పెడితే అంత మంచిది. 24 వోల్టుల సెట్టయితే ఆంపియర్లు సగానికి సగం దిగుతాయి. ఇవేవీ పెట్టె మీద లేవు, మెరుపు బొమ్మ మాత్రం ఉంది. తమరి చిన్న తమ్ముళ్లు కొందరు కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కి గుచ్చితే చాలని చెప్పుకుంటున్నారు. ఆ సాకెట్ ఫ్యూజు మామూలుగా 10, 15 ఆంపియర్లు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జింగు వరకూ సరే, మిక్సీ అంటే ఫ్యూజు ఎగిరిపోతుంది.

మిక్సీ అంటే గుర్తొచ్చింది. పెట్టె వెనక "మోడిఫైడ్ సైన్ వేవ్" అని కూడా ఉంది. అంటే కరెంటు అల నున్నగా కాకుండా మెట్లు మెట్లుగా వస్తుందని అర్థం. బల్బు పట్టించుకోదు. ఫ్యాను మాత్రం రాత్రంతా గుయ్యిమంటుంది, మిక్సీ మోటారు ఊరికే వేడెక్కుతుంది. మోటారున్న సామాను ఏదున్నా ప్యూర్ సైన్ వేవే తీసుకోవాలి, ధర ఎక్కువైనా సరే. ఇక్కడ బేరం అనవసరమని నా అభిప్రాయం.

ఇంకో ఫిర్యాదు. ఒక్క లైటూ వేయకపోయినా, స్విచ్చి ఆన్‌లో ఉంటే చాలు, తమరి పరిమాణంలోవాళ్లు గంటకి 15 వాట్‌అవర్ల దాకా ఊరికే తాగుతారు. రోజుకి 360. మా 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబ్యులర్ బ్యాటరీలో ఉండేది, 12 వోల్టులతో గుణిస్తే, 1800 వాట్‌అవర్లు, అది నాలుగు కాలాలు బతకాలంటే అందులో సగమే వాడుకోవాలి. ఆ 900లో 360 తమరి కాఫీ ఖర్చన్నమాట. అందుకే మా మేస్త్రి లైట్లు, ఫోన్ ఛార్జరు, 12 వోల్టుల చిన్న ఫ్యాను నేరుగా బ్యాటరీకే కలిపాడు. పని ఉన్నప్పుడే తమరిని లేపుతాం, ఏమనుకోకండి.

తమరి కీర్తి చెరువుల దాకా పాకింది. మా వీధి చివర రొయ్యల రైతొకాయన తమరితో ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే చక్రం) తిప్పొచ్చా అని అడిగారు. ఆయనది రెండు హార్స్‌పవర్, త్రీఫేజు మోటారు. తమరు సింగిల్ ఫేజు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలితే తమరి ఫోటో వైభవం ఏ మూలకి? డీజిల్ జనరేటర్ అమ్మొద్దని చెప్పి పంపాను. గోదావరి లంకలో కరెంటు లైను లేని మకానికి ఎవరో చవగ్గా వచ్చిందని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే లైనుకి కలిపి నడిపే సోలార్ రకం, కొన్నారు. అది పనిచేయడానికి ముందు లైను కరెంటు కావాలి! లైను పోతే అదీ ఆగిపోతుంది, స్తంభం ఎక్కినవాడి ప్రాణం కోసం అలా చేస్తారు. 1996 నవంబరు తుపానులో స్తంభాలు కొబ్బరి చెట్లతో పాటు ఒరిగిపోయిన ఊళ్లివి. ఇక్కడ "కరెంటుంటేనే కరెంటిస్తాను" అనేవాణ్ణి ఎవరు పెట్టుకుంటారండీ?

కాబట్టి మనవి ఏమనగా, తమరు కాస్త పక్కకి జరిగి ఆ 1500 గారిని ఎర్ర అక్షరాల్లో కూర్చోనివ్వండి. ఆయన పక్కన ఊరికే తాగే లెక్క, కేబుల్ లావు రాయించండి. స్థలం చాలకపోతే మెరుపు బొమ్మ తీసేయండి.

ఇట్లు,
చిటికెన వేలు లావు కేబుల్ మోసుకుంటూ రేవులో పంటు దిగిన
తమరి బావమరిది వర్గం వాడు.

తా.క.: బావగారు ఇప్పుడు ఇండక్షన్ స్టవ్ బేరమాడుతున్నారు. దాని మీద 2000 అని ఉంది. అది నిజంగానే 2000 లాగుతుంది. తమరు అటువైపు చూడకండి.