టీ కొట్టుకు ఐఎస్డీ కాల్

ఫోన్ కాల్స్ ఉచితమయ్యాక ఈ దేశంలో దిక్కులేనిదైపోయింది ఏదయ్యా అంటే, కాల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని టారిఫ్ పేజీ. ఎస్టీడీ బూత్‌లు మూతపడితే నలుగురూ నాలుగు కన్నీటి బొట్లు రాల్చారు. ఆ పసుపు బోర్డుల ఫొటోలు పెట్టి నిట్టూర్చారు. టారిఫ్ పేజీని మాత్రం పలకరించిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు తీర్చడం బాధ్యతగల పౌరుడిగా నా విధి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఆఫీసులో రిసెప్షన్ వెనక గోడకు ఒక డబ్బా ఉంటుంది. అదే ఈపీఏబీఎక్స్, వాడుకలో ఇంటర్‌కమ్ బాక్సు. ఎవరు మాట్లాడి రిసీవర్ పెట్టేసినా, అది సీరియల్ కేబుల్ గుండా ఒక వరస బయటికి పంపుతుంది: తేదీ, టైము, ఎక్స్‌టెన్షన్ నంబరు, ఏ ట్రంకు లైను (అంటే బయటికెళ్లే లైను), ఏ అంకెలు నొక్కారు, ఎంతసేపు. ఆ వరసకు ధర కట్టేది పక్కనున్న పాత కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్. ఏ అంకెకు ఎంత ధరో దానికి నూరిపోసేది టారిఫ్ పేజీ. కాబట్టి ఆఫీసులో ఎవరు దుబారా మనిషో, ఎవరు పొదుపరో తేల్చే అధికారం ఎండీ గారిది కాదు, ఆ పేజీ నింపిన కుర్రాడిది. అతను సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ తరఫున ఒక మధ్యాహ్నం వచ్చి, నింపేసి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు. ఏఎంసీ, అంటే ఏటేటా కట్టే మరమ్మతుల ఒప్పందం డబ్బు, కట్టకపోతే ఎందుకు కనిపిస్తాడు?

ఆ పేజీలో మొదటి గడి: మీ సర్వీస్ ప్రొవైడర్ ఎవరు? కిందికి లాగితే పేర్లు వస్తాయి. టాటా డొకోమో, ఎయిర్‌సెల్, యూనినార్... తద్దినాలు పెట్టాల్సిన పేర్లన్నీ అక్కడ నిక్షేపంలా ఉన్నాయి. వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటైన సంగతి ఆ పేజీ దాకా ఇంకా చేరలేదు, పాపం వేరు కాపురాలే. నంబరు మొదటి నాలుగంకెల్ని బట్టి అవతలివాడు ఏ కంపెనీయో పోల్చుకునే పట్టిక కూడా ఒకటుంది. 2011 జనవరిలో దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలొచ్చాక ఆ పట్టికకున్న విలువ గోడమీది పోయినేడాది క్యాలెండరుకున్నంతే. అయినా తీయరు. తీస్తే ఆడిట్‌లో అడుగుతారట. ఏమని అడుగుతారో ఎవరికీ తెలియదు.

తర్వాత దూరం శ్లాబులు. 50 కిలోమీటర్ల దాకా ఒక రేటు, 200 దాకా ఒకటి, 500 దాకా ఇంకొకటి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మాట్లాడితే మాట కూడా సూర్యాపేట మీదుగా టోల్ కట్టుకుంటూ వెళ్లే రోజులవి. పొద్దుపోయాక సగం రేటు, ఇంకా పొద్దుపోతే పావు రేటు. బీఎస్ఎన్ఎల్ 2006 మార్చిలో వన్ ఇండియా ప్లాన్ తెచ్చి దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అనగానే ఆ భూగోళశాస్త్రం కుప్పకూలింది. మన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం విశాఖ ఇప్పటికీ దూరమే.

ఇక్కడిదాకా పాతసామాను ముచ్చట్లు. అసలు కథ 2021 జనవరిది. ఆ నెల 1వ తేదీన, మొబైల్ కంపెనీలు ఒకదాని కాల్ ఇంకొకటి అందుకున్నందుకు కట్టుకునే నిమిషానికి 6 పైసల చార్జీ సున్నా అయింది. అదే నెల 15వ తేదీ నుంచి, ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలన్నారు. ఒక సున్నా ధరలోంచి పోయింది, ఇంకో సున్నా నంబరు ముందుకొచ్చింది. సామాన్యులు రెండింటినీ పట్టించుకోలేదు. టారిఫ్ పేజీ రెండోదాన్ని చాలా గట్టిగా పట్టించుకుంది.

ఎందుకంటే దానికి కుర్రాడు నేర్పిన వ్యాకరణం ఇదీ: సున్నాతో మొదలైతే ఎస్టీడీ, రెండు సున్నాలతో మొదలైతే ఐఎస్డీ. ఇప్పుడు ఆఫీసు ఫోన్లోంచి బయటి లైను కావాలంటే మొదట ఒక సున్నా నొక్కాలి. సెల్ కాబట్టి ఇంకో సున్నా. ఆ తర్వాత నంబరు. బయటి లైను కోసం నొక్కిన సున్నాను లెక్కలోంచి కొట్టేయమని చెప్పే గడి ఒకటుంది, అందులో 1 అని వేస్తే చాలు. ఖాళీగా వదిలేశారు. ఫలితం: సెల్‌కు చేసిన ప్రతి కాలూ విదేశీ కాలే.

ఏ విదేశం అన్నది నంబరును బట్టి. బీఎస్ఎన్ఎల్ 9440 నంబరుకు చేస్తే రెండు సున్నాల తర్వాత 94 కనబడుతుంది, అది శ్రీలంక కోడు. 9848 అయితే 98, ఇరాన్. 9948 అయితే అజర్‌బైజాన్, 9989 అయితే ఉజ్బెకిస్తాన్. కొత్తగా వచ్చిన 6301 వాళ్లంతా ఫిలిప్పీన్స్‌లో తేలారు. 9246 నంబరున్న పెద్దమనిషికి ఫోన్ చేయాల్సి వస్తే మాత్రం ముందే ఎవరినైనా సాక్షిగా కూర్చోబెట్టుకోండి. 92 పాకిస్తాన్ కోడు.

కాబట్టి నెలాఖరు రిపోర్టులో అటెండరు సత్యం (అతని అసలు పేరు నేను చెప్పను) కొలంబోతో రోజుకు రెండుసార్లు మాట్లాడినట్టు తేలుతుంది. పది గంటలకొకసారి, నాలుగు గంటలకొకసారి. ఎదురుగా టీ కొట్టతనిది 9440 నంబరు. సత్యాన్ని పిలిచి అడిగితే, "ఆరు టీలు, రెండు షుగర్‌లెస్ అని చెప్పాను సార్" అంటాడు. విదేశీ వ్యవహారాల్లో ఇంత ముక్తసరిగా మాట్లాడేవాళ్లు అరుదు.

ఇంకో సూక్ష్మం ఉంది, దీని మీద ఎవరైనా పీహెచ్‌డీ చేయొచ్చు. అవతలివాడు ఫోన్ ఎత్తాడా లేదా అన్నది మామూలు అనలాగ్ లైను మీద డబ్బాకు తెలియదు. ఎత్తగానే లైనులో పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగబడే ఏర్పాటు ఎక్స్ఛేంజీ ఇస్తే తెలుస్తుంది, ఇవ్వకపోతే ఊహించుకోవాలి. ఆ ఊహకు సెట్టింగులో ఒక గడి: నంబరు నొక్కాక ఇన్ని సెకన్లు దాటితే ఎత్తినట్టే లెక్క. 20 అని వేశారనుకుందాం. వసూళ్ల సెక్షన్ పద్మగారు బాకీదారుకు ఫోన్ చేసి, అటువైపు మోగి మోగి ఆగేదాకా ఓపిగ్గా చెవి దగ్గర పెట్టుకుంటారు. బాకీదారు ఎత్తడు, ఎత్తితే బాకీదారు ఎందుకవుతాడు? అయినా ఆ మోగినంతసేపూ సంభాషణే. పల్స్, అంటే ధర కట్టే కొలత, 60 సెకన్లు కాబట్టి 61వ సెకనుకు రెండో పల్స్ పడుతుంది. అలా ఆవిడ ఒక్క మనిషితోనూ మాట్లాడకుండా ఆఫీసులో అందరికంటే వాగుడుకాయగా పేరు తెచ్చుకున్నారు. మార్కెటింగ్ మేనేజరు మాత్రం రిపోర్టులో మౌనముని. ఆయన పొద్దస్తమానం సొంత సెల్‌లో వాట్సాప్ కాల్స్ మాట్లాడతాడు, డబ్బాకు ఆ సంగతే తెలియదు.

ఇదంతా చూసి ఎవరో తెలివైనవాడు అనొచ్చు: మన ప్లాన్ అన్‌లిమిటెడ్ కదా, నెలకింత అని కట్టేస్తున్నాం కదా, అన్ని గడుల్లోనూ సున్నా కొట్టేస్తే పోలా? నిజమే, ఒక నెల అలా చేసి చూడండి. రిపోర్టు మొత్తం 0.00, 0.00, 0.00. ఎవరిని పిలిచి మందలించాలి? ఎవరికి మెమో ఇవ్వాలి? రిపోర్టు ప్రింటు తీసి, పసుపు హైలైటరు పట్టుకుని కూర్చున్న అడ్మిన్ ఆఫీసరు ఆ చేతిని ఏం చేసుకోవాలి?

అందుకని నా ప్రతిపాదన ఇది. కంపెనీకి పైసా ఖర్చు కాని కాల్‌కు నిమిషానికి రూపాయి చొప్పున నామమాత్రపు ధర కట్టాలి. టీ కొట్టుకు రెండు రూపాయలు, ఎంతైనా విదేశం. బాస్ ఎక్స్‌టెన్షన్‌కు మినహాయింపు అనే గడి సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ ఉంది. టారిఫ్ పేజీ మొత్తంలో నింపడం ఎవరూ మరిచిపోని గడి అదొక్కటే. ఈ పద్ధతి నేను కనిపెట్టిందేమీ కాదు. హోటళ్లలో ఇదే సాఫ్ట్‌వేర్‌కు మార్కప్ అనే గడి నింపి, గదిలోంచి చేసిన కాల్‌కు అసలు రేటు మీద తోచినంత కలిపేవాళ్లు. అతిథి దగ్గర చేస్తే వ్యాపారం, ఉద్యోగి దగ్గర చేస్తే క్రమశిక్షణ.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఈ లేని రూపాయి మీద 18 శాతం జీఎస్టీ కలపాలా వద్దా? సాఫ్ట్‌వేర్‌లో 2017కు ముందటి సర్వీస్ ట్యాక్స్ గడే ఉంది, దాన్నే వాడుకోవచ్చా అని అకౌంట్స్ సెక్షన్ నుంచి నోట్‌షీట్ పైకి వెళ్లింది. "చర్చించండి" అని రాసి వెనక్కి వచ్చింది. చర్చ ఫోన్లో పెట్టుకోవద్దని కింద ఎర్రసిరాతో ఇంకో వాక్యం.