సవరణ: గొంజాలెజ్ విషయంలో నా పొరపాటు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్‌లుగా (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ, పాస్‌లు కూడా అందుకునే ఆటగాళ్లు) పేరు తెచ్చుకున్న టోనీ గొంజాలెజ్, ఆంటోనియో గేట్స్ ఇద్దరూ కాలేజీలో బాస్కెట్‌బాల్ తప్ప అమెరికన్ ఫుట్‌బాల్ ముట్టుకోలేదని మొన్న రాశాను. సగం తప్పు. గొంజాలెజ్ బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ తరఫున రెండు ఆటలూ ఆడాడు. 1997 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) అతన్ని కాన్సాస్ సిటీ జట్టు మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశాను, క్షమించాలి.

గేట్స్ సంగతి మాత్రం నిజమే. కెంట్ స్టేట్‌లో ఆడింది బాస్కెట్‌బాలే. 2003 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు, తర్వాత శాన్ డియేగో చార్జర్స్ జట్టు చేర్చుకుంది. బాస్కెట్‌బాల్‌లో రీబౌండ్ (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి) కోసం ప్రత్యర్థిని వీపుతో ఆపి బంతి అందుకునే అలవాటే ఫుట్‌బాల్‌లోనూ పనికొచ్చింది. మొత్తం 116 టచ్‌డౌన్ క్యాచ్‌లు (ప్రత్యర్థి గోల్ గీత అవతలికి బంతిని చేర్చి పాయింట్లు తెచ్చిన క్యాచ్‌లు)! టైట్ ఎండ్‌లలో అదే రికార్డు.

మొన్న రాసిన మరో టైట్ ఎండ్ జిమ్మీ గ్రాహం? మయామీ యూనివర్సిటీలో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్, ఒక్క సీజన్ ఫుట్‌బాల్. అతని గురించి రాసిన లైను మార్చక్కర్లేదు.