సవరణ: నీతిచంద్రిక, కడియం పులి

చెన్నైలో తెలుగు పిల్లలకు కథలు చెప్పేవారి కోసం పోయిన వారం పెట్టిన పోస్టులో రెండు తప్పులున్నాయి. రెండూ నావే.

తెలుగు వచన కథల పుస్తకం నీతిచంద్రికలో పంచతంత్రం ఐదు భాగాలనూ చిన్నయసూరి రాశారన్నాను. కాదు. 1853లో ఆయన ఇదే మద్రాసులో వెలువరించినవి మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే. విగ్రహం, సంధి తర్వాత కందుకూరి వీరేశలింగం రాసినవి. భాగాల వరస కూడా పంచతంత్రానిది కాదు, హితోపదేశం అనే మరో సంస్కృత కథల పుస్తకానిది: అందులో మిత్రలాభం ముందు, పంచతంత్రంలో మిత్రభేదం ముందు. రెండు సంస్కృత మూలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలిపోతుంది.

రెండోది, బంగారు కడియం ఆశ చూపి బాటసారిని చంపి తినే ముసలి పులి కథ. ఆ పులి అతన్ని 'అబద్ధాలతో' బుట్టలో వేసిందని రాశాను. హితోపదేశ మూలంలో అంత తేలిగ్గా లేదు. స్నానం చేసి, దర్భలు పట్టుకుని, బంగారు కడియం చూపిస్తుంది. 'నిన్నెలా నమ్మను?' అంటే, వయసులో ఉన్నప్పుడు ఎన్నో ఆవుల్నీ మనుషుల్నీ చంపానని ఒప్పేసుకుంటుంది. ఆ మాట నిజమే! దాని వెనకే గోళ్లూ పళ్లూ ఊడిపోయాయన్న మాట కలుపుతుంది. మాయంతా ఆ కలపడంలోనే ఉంది. అందుకే చెప్పేటప్పుడు ఒప్పుకోలు ముందు రావాలి, నెమ్మదిగా.

'స్నానం చేసి తీసుకో' అన్న మాటనూ, చెరువులోని బురదనూ ఎగరగొట్టకండి. బాటసారి దిగబడిపోయేది అందులోనే. అది లేకపోతే 'మరి పారిపోలేదేం?' అని పిల్లలు అడుగుతారు.