రాగి గదికి వాస్తు చూపించలేదు

1986లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు పెద్దమనుషులు రాగి ఆక్సైడ్‌లో అతివాహకత, అంటే బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే గుణం, కనిపెట్టారు. మరుసటి ఏడాదే నోబెల్ పట్టుకెళ్లారు. ఆ సరుకు ఎందుకలా పనిచేస్తుందో మాత్రం శాస్త్రజ్ఞులకు ఇప్పటికీ కుదరలేదు. ఎలా కుదురుతుంది? ఒక్కరైనా విజయవాడ వచ్చి, సత్యనారాయణపురంలో ఓ వాస్తు సిద్ధాంతిగారికి ప్లాను చూపిస్తేగా!

ప్లాను నేనే చూపించాను. ప్లాను అంటే ఆ సరుకులో పరమాణువుల అమరిక. నలుచదరపు గది. నాలుగు మూలల్లో రాగి, ఒక్కో గోడ మధ్యలో ఆక్సిజన్. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. ఆ జంటను విడదీయడానికి ఎంత శక్తి కావాలో చెప్పేదే శక్తి అంతరం. సీసం లాంటి పాత లోహాల్లో ఏ దిక్కు చూసినా ఇది దాదాపు ఒకటే. ఇక్కడ గోడల దిక్కున నిండుగా ఉంటుంది, మూలల దిక్కున సున్నా. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం, నాలుగూ పోయాయి! ఒక్క ఈశాన్యం అరడుగు తగ్గితేనే మన ఊళ్లో కట్టిన మెట్లు పగలగొడతారు. పైగా ఆ జంటల తరంగానికి తూర్పు పడమరలు ప్లస్సు అయితే ఉత్తర దక్షిణాలు మైనస్సు. ఇది సిద్ధాంతిగారి చాదస్తం కాదండీ, 1993, 94ల్లో ప్రయోగాలు చేసి మరీ తేల్చారు.

ఇంకో దోషం ఉంది, మిథ్యా అంతరం. వేడెక్కి అతివాహకత పోయాక అంతరం కూడా పోవాలి. ఆక్సిజన్ కాస్త తగ్గిన సరుకులో అది పోదు. జంటలు ముందే కట్టాయి, అడుగులే కలవలేదని ఒక వర్గం. కాదు, ఆ అంతరం అసలు వేరేవాళ్లది, అతివాహకతకు పోటీగా దిగిందని రెండో వర్గం. దశాబ్దాలుగా ఇదే పంచాయితీ. సిద్ధాంతిగారు మాత్రం ఒక్క చూపులో తేల్చేశారు: ముహూర్తం రాకుండానే పాలు పొంగించారు.

పరిహారంగా ముందు స్ఫటికాన్ని 45 డిగ్రీలు తిప్పమన్నారు. లాభం లేదు, సున్నాలు స్ఫటికాన్ని పట్టుకునే ఉంటాయి, దాంతోపాటే తిరుగుతాయి. బెజవాడ ఈశాన్యంతో వాటికి పనిలేదు. అయితే ఆక్సిజన్ తీసేయండి అన్నారు. ఇదే జాతి సరుకు ఇట్రియం బేరియం రాగి ఆక్సైడ్ 93 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 180 డిగ్రీల దగ్గర అతివాహకమవుతుంది. ఆక్సిజన్ తీసేకొద్దీ ఆ అంకె పడిపోతుంది. బాగా తీసేస్తే అది ఉత్త బంధకం, కరెంటే పారదు. కానీ అంతరం ఇప్పుడు అన్ని దిక్కులా ఉంది, నాలుగు మూలలతో సహా. దోషం పోయిందని సిద్ధాంతిగారు సంతకం పెట్టి, ఫీజు లెక్కపెట్టుకున్నారు.