ఊళ్ళోకి వెళ్ళడానికి టికెట్టా అని అడిగేవాళ్ళకి

"ఊళ్ళోకి అడుగు పెట్టడానికి అయిదు యూరోలా? అదేమన్నా మ్యూజియమా?" ఇటలీ నుంచి వచ్చాక అక్కడి చివిత అనే చిన్న ఊరి ఫోటోలు ఎవరికి చూపించినా ముందు ఇదే మాట. మొన్న మా బాబాయి కూడా అదే అన్నారు. ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఒక్కదానివే వెళ్ళావా అమ్మా?" అందరూ భోజనాల దగ్గరున్నారు, ఆయనకి సరిగ్గా జవాబు చెప్పడం కుదరలేదు. ఇక్కడ తీరిగ్గా చెప్తాను. పోస్ట్ పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

చివితా ది బాన్యోరేజో రోమ్‌కి ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. రోమన్ల కంటే ముందున్న ఎట్రుస్కన్లు కట్టుకున్న ఊరు, రెండున్నర వేల ఏళ్ళ నాటిది. చుట్టూ లోయ, మధ్యలో ఒక గుట్ట, ఆ గుట్ట నెత్తిన ఊరు. పైనున్నది టఫ్, అంటే అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి అయిన రాయి. దాని కింద ఉన్నది బంకమట్టి. వానలకీ వాగులకీ ఆ మట్టి కోసుకుపోతుంది. కింద ఆధారం పోయేసరికి పైరాయి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి లోయలో పడుతుంది, దాని మీదున్న ఇళ్ళతో సహా. 1695లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత బిషప్పూ, అధికారులూ పక్కనున్న బాన్యోరేజోకి మారిపోయారు, జనం కూడా మెల్లిమెల్లిగా ఖాళీ చేశారు. 13వ శతాబ్దపు సెయింట్ బొనవెంచర్ పుట్టింది ఇక్కడే. ఆయన ఇల్లు ఎప్పుడో లోయలోకి జారిపోయింది. ఈ ఊరిని ఇటలీవాళ్ళు "చచ్చిపోతున్న ఊరు" అని పిలుస్తారు. ఇప్పుడు ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్ళు ఓ పది పన్నెండు మంది.

పన్నెండు మంది ఇచ్చే పన్నులతో కొండ జారకుండా ఆపగలమా? ఊరికి చేరాలంటే 300 మీటర్ల కాలినడక వంతెన ఒక్కటే దారి. 1965లో కట్టారు. కార్లు దాని మీదికి రావు. ఆ వంతెననీ, ఆ కొండ అంచునీ చూసుకోవడానికి డబ్బు కావాలి కదా. 2013లో టికెట్ పెట్టారు, అప్పుడు ఒకటిన్నర యూరో. నేను వెళ్ళినప్పుడు 5. ఏటా లక్షల మంది వచ్చి ఆ బండల మీద తిరుగుతున్నప్పుడు తలా అయిదు యూరోలు అడగడం న్యాయమే. పది అడిగినా ఇస్తాను.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి. పెద్ద బస్సులో వచ్చి, నలభై మందీ దిగి, వంతెన మీద ఫోటోలు దిగి, చౌరస్తాలో ఐస్‌క్రీమ్ తిని, గంటలో వెళ్ళిపోయే టూర్లు. "గంట చాలు, అక్కడేముంది?" అని మనవాళ్ళే చెప్తుంటారు. పదకొండు నుంచి మూడు దాకా ఊరు ఎలా ఉంటుందంటే, నిలబడ్డానికి నీడ దొరకదు. అప్పుడు చూస్తే నిజంగానే ఏమీ కనపడదు మరి.

నేను ఓర్వియేతోలో ఒక గది తీసుకుని అయిదు రోజులున్నాను. రోజుకి ఒక్క ఊరే, అదీ లోకల్ బస్సులోనే వెళ్ళాలని ముందే అనుకున్నాను. ఓర్వియేతో కూడా కొండ మీది ఊరే. స్టేషన్ కిందుంటుంది, పైకి ఫ్యునిక్యులర్‌లో, అంటే తాడుతో కొండ మీదికి లాగే చిన్న రైల్లో, వెళ్ళాలి. అక్కడ 53 మీటర్ల లోతు బావి ఉంది. 1527లో రోమ్‌ని సైన్యాలు దోచుకున్నప్పుడు తప్పించుకొచ్చిన పోప్ ఏడో క్లెమెంట్, రేపు ముట్టడి జరిగితే నీళ్ళకి కష్టమని తవ్వించాడు. దిగడానికి ఒక మెట్ల వరస, ఎక్కడానికి ఇంకో వరస, రెండూ 248 మెట్లే, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి. నీళ్ళు మోసే గాడిదలు ఎదురుపడకూడదని అలా కట్టారు. కిందికి దిగేకొద్దీ చల్లదనం చేతులకి తగులుతుంది.

బస్సుల గురించి మాత్రం ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఒకరోజంతా నాకు దండగైంది. ఇటాలియన్‌లో "ఫెరియే" అంటే సెలవులు. బస్టాప్ బోర్డు మీద "ఫెరియాలే" అని చూసి సెలవురోజు టైములు అనుకున్నాను. కాదు. ఫెరియాలే అంటే పనిరోజు, శనివారం కూడా అందులోనే వస్తుంది. ఆదివారాలకీ, పండగలకీ "ఫెస్తివో" అని వేరే ఉంటుంది. ఓర్వియేతో నుంచి బాన్యోరేజోకి ఆదివారం బస్సే లేదు. గంటన్నర ఎండలో నిలబడితే, కుక్కని తిప్పడానికి వచ్చిన ఒక పెద్దాయన నా చేతిలో టికెట్ చూసి "దొమాని, దొమాని" అన్నాడు. రేపు రమ్మని. ఇంకోటి, టికెట్ చాలాచోట్ల సిగరెట్లూ స్టాంపులూ అమ్మే కొట్లో ముందే కొనుక్కోవాలి. ఈ రెండు ముక్కలూ ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

సోమవారం వెళ్ళాను. బాన్యోరేజోలో దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే వంతెన. అక్కడ సామాన్లు ఎక్కిస్తున్న బండిని చూసి ఆగిపోయాను. ఆపే ఆటో! మన పల్లెల్లో షేర్ ఆటోగా తిరిగేదే. ఇటాలియన్‌లో దాన్ని "ఆపే" అంటే తేనెటీగ అని పిలుస్తారు, 1948 నుంచీ వాళ్ళ ఇరుకు సందుల్లో తిరుగుతోంది. చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్న బండి పేరుకి అర్థం నాకు ఆ కొండ దగ్గర తెలిసింది.

వంతెన చివర ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. ఊరి ద్వారం మీద రెండు రాతి సింహాలు, ఒక్కోదాని పంజా కింద ఒక మనిషి తల. ఓర్వియేతో దొరలని తరిమేసిన గుర్తుగా పెట్టుకున్నారట. మధ్యాహ్నం రద్దీలో ఆ తలల వైపు ఎవరూ చూడటం లేదు. నేను ఒక గుహలాంటి కొట్లో కూర్చున్నాను. లోపల పాతకాలపు ఆలివ్ గానుగ రాయి అలాగే ఉంది. నిప్పుల మీద కాల్చిన రొట్టెకి వెల్లుల్లి రుద్ది, పైన నూనె పోసి ఇచ్చారు. ఆ నూనె గొంతులో కొంచెం మంటగా దిగింది. అదే తాజా నూనె గుర్తని కొట్లో ఆమె చేత్తో గొంతు చూపించి చెప్పింది.

నాలుగు దాటాక ఊరు మారిపోయింది. చర్చి ముందున్న చౌరస్తాలో, రాళ్ళు పరవని ఆ మట్టినేల మీద, రెండు పిల్లులూ నేనూ మిగిలాం. ఏటా గుడ్ ఫ్రైడేకి ఆ చర్చిలోని కొయ్య శిలువని వంతెన దాటించి బాన్యోరేజో ఊరేగింపుకి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చుకుంటారు. మనుషులు వెళ్ళిపోయిన ఊరికి శిలువ మాత్రం తిరిగొస్తుంది.

ఇక బాబాయి రెండో ప్రశ్న. అవును, ఒక్కదాన్నే వెళ్ళాను. పక్కన ఇంకొకరుంటే నాలుగింటి దాకా ఆగేదాన్నా? "పద, ఆలస్యమవుతోంది" అని ఎవరో ఒకరం అనేవాళ్ళం. ఒంటరిగా ఉండబట్టే, కుండీలకి నీళ్ళు పోస్తున్న ఒక ముసలావిడ ప్లాస్టిక్ బకెట్ ఖాళీ చేసి, మెట్టు మీద జరిగి, పక్కన కూర్చోమని అరచేత్తో తట్టింది. భాష రాదు. ఆవిడ తన మెట్టు చివర రాయిని చూపించింది. గోడకీ దానికీ మధ్య నా చిటికెన వేలు పట్టేంత పగులు. అందులో పాత సున్నం, దాని మీద కొత్త సిమెంటు, దాని మీద మళ్ళీ సన్నటి చీలిక. ఆవిడ వేలు పెట్టి ఆ చీలిక పొడుగునా రాసి, లోయ వైపు చూపించింది.

ఆఖరి బస్సుకి ఇంకా గంటుంది. ఇద్దరం అక్కడే కూర్చున్నాం.