అపాస్ట్రఫీల వలస

మా వీధి చివర టిఫిన్ సెంటర్‌కి కొత్త ఇంగ్లిష్ బోర్డు పెట్టారు. ఇడ్లీ'స్, దోసె'స్, వడ'స్. ఒక్క ఉప్మా మాత్రం నెత్తి మీద ఏమీ లేకుండా బోసిగా మిగిలింది. పాపం, దానికి బహువచనం లేదు.

ఎస్ ముందు కొక్కెంలా వేలాడే ఈ గుర్తులు, అంటే అపాస్ట్రఫీలు, ఇన్ని మనకెక్కడివని తీవ్రంగా పరిశోధించాను. ఇంగ్లండ్‌ నుంచే వచ్చాయి. 2009లో బర్మింగ్‌హామ్ నగరపాలకులు వీధి బోర్డుల మీద ఇక వీటిని పెట్టేది లేదన్నారు. 2012లో వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల దుకాణాల సంస్థ తన పేరులోంచి పీకేసింది. వీటిని కాపాడటానికి 2001లో సంఘం పెట్టిన జాన్ రిచర్డ్స్ అనే రిటైర్డ్ పాత్రికేయుడు, 2019లో, 96 ఏళ్ల వయసులో, అజ్ఞానమూ బద్ధకమూ గెలిచాయని చెప్పి తాళం వేశాడు. (తర్వాత వేరేవాళ్లు తీశారనుకోండి.) అక్కడ ఉద్యోగం పోయినవన్నీ వీసా కూడా లేకుండా మన ఫ్లెక్సీ ప్రింటర్ల దగ్గర చేరాయన్నది నా సిద్ధాంతం.

నిజానికి వాటికి ముఖ్యమైన పనులు రెండే. రావు గారి ఇల్లు అన్నప్పుడు ఇల్లు ఎవరిదో చెప్పడం ఒకటి. డు నాట్‌ని డోంట్ అని కుదిస్తే, లేచిపోయిన అక్షరం సీటుకి కర్చీఫ్ వేయడం రెండోది. లెక్క పెంచడం వాటి డ్యూటీ కాదు. వంద ఇడ్లీలకైనా ఒట్టి ఎస్ చాలు.

ఇట్స్ దగ్గర మాత్రం పెద్దపెద్ద డిగ్రీలవాళ్లే జారిపడతారు. ఇట్ ఈజ్ అని విడదీస్తే కుదిరిన చోటే ఆ గుర్తు ఉండాలి. 'దాని' అనే అర్థంలో ఉండకూడదు. మొన్న నాకొచ్చిన ఒక మెయిల్ ప్రకారం, కంపెనీ 'అది ఉంది' లాభాలను ప్రకటించింది.

మనమేం తక్కువ తినలేదు లెండి. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం అని తేడా చెప్పిన అరసున్నను చడీచప్పుడు లేకుండా సాగనంపాం. రక్షణ సంఘం సంగతి అటుంచండి, సంతాప సభ కూడా పెట్టలేదు.

ఆగలేక టిఫిన్ సెంటర్ ఓనర్‌ని అడిగేశాను.

"అదా సార్? ఖాళీగా ఉంటే లుక్ రాదని ప్రింటర్ పెట్టాడు. ఎక్స్‌ట్రా కూడా తీసుకోలేదు."

ఇడ్లీ చల్లారేదాకా నియమాలన్నీ వివరించాను. ఆయన శ్రద్ధగా విని, బోర్డు వైపు చాలాసేపు చూసి తలూపాడు. "కరెక్టే సార్, తప్పే జరిగింది. సోమవారానికల్లా సరిచేయిస్తా."

మాట తప్పలేదు. సోమవారం పొద్దున్నే వెళ్లి చూస్తే, ఉప్మా'స్.