దానికి స్విచ్ ఉండదు సార్

అడవి ఇప్పుడు గజాల్లో దొరుకుతోంది. శంకర్‌పల్లి దాటాక మా బావమరిది కొన్నాడు, అయిదు గుంటలు, అంటే 605 గజాల అడవి, క్లబ్‌హౌస్, కాంపౌండ్ వాల్, సీసీ కెమెరాలు అన్నీ కలిపి. 'మీ సొంత ప్రైవేట్ ఫారెస్ట్‌లో పిట్టల పాటతో నిద్ర లేవండి' అని బ్రోచర్‌లో ఉంది. లేచాం, అబద్ధం ఎందుకు చెప్పాలి. పొద్దున ఆరింటికి టంచనుగా మొదలెట్టాయి, ఆరున్నరకి టంచనుగా ఆపేశాయి, మధ్యలో ఒక ఆడగొంతు బ్లూటూత్ కనెక్ట్ అయిందని కూడా చెప్పింది. వెళ్ళి చూస్తే లాన్‌లో బండరాయి పాడుతోంది. ఫైబర్ బండ, లోపల స్పీకర్.

ఈ బండ గురించి నేను కాస్త మాట్లాడాలి, ఎవరూ అడ్డు రావద్దు. ఆ స్థలంలో అంతకుముందు నిజం బండలే ఉండేవి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు, పాపం అన్నాళ్ళూ ఎవరి జోలికీ పోలేదు. వాటిని బ్లాస్టింగ్ పెట్టి పేల్చి, కంకర చేసి, ఆ కంకరతో రోడ్డేసి, ఆ రోడ్డు పక్కన అందం కోసం ఫైబర్ బండలు తెప్పించారు! బండల సందుల్లో పెరిగిన సీతాఫలం, మోదుగ, తుమ్మ, రేగు పొదలన్నీ జేసీబీతో గీకేశారు, అడవి పెట్టాలంటే ముందు అడవి తీసెయ్యాలి కదా మరి. తంగేడు కూడా పోయింది, రాష్ట్ర పుష్పం అని దానికేమీ కన్సెషన్ ఇవ్వలేదు. కడియం నర్సరీల నించి లారీల్లో పామ్ చెట్లు దించి, పడిపోకుండా మూడువైపులా కర్రలు కట్టి నిలబెట్టారు. గోడ పొడవునా కోనోకార్పస్, సోమాలియా వైపు నించి వచ్చిన మొక్క, హరితహారంలో తెగ నాటి ఆ తర్వాత వద్దన్నారే, అదే.

అసలు సంగతి ఎండాకాలం మొదట్లో జరిగింది. నేనూ అక్కడే ఉన్నా ఆ రాత్రి. తెల్లవారుజామున నాలుగింటికి ఒక పిట్ట మొదలెట్టింది, కూ... కూ... కూ అని ఒక్కో మెట్టూ గొంతు పెంచుకుంటూ. రెసిడెంట్స్ వాట్సాప్ గ్రూప్ ఉలిక్కిపడి లేచింది. 'బర్డ్ సౌండ్స్ టైమర్ పాడైంది, ఎవరన్నా చూడండి.' 'వాల్యూమ్ ఏంటి అంత, మెయింటెనెన్స్ దేనికి కడుతున్నాం?' 'ఈ ట్రాక్ మార్చండి, పోయిన నెలది బాగుండేది' అని ఒక డాక్టర్ గారు. ఎలక్ట్రీషియన్‌ని లేపారు. ఆయన టార్చి పట్టుకుని లాన్‌లో ఒక్కో బండకీ చెవి ఆనించి విని, ఒక్కోదానికీ వైరు పీకుతూ పోయాడు. కూత ఆగలేదు. మెయిన్ ఆఫ్ చేశారు. ఏసీలు ఆగిపోయేసరికి మొత్తం జనం నైటీలతో, షార్ట్స్‌తో బయటికొచ్చారు, చీకట్లో అది ఇంకా హాయిగా వినిపిస్తోంది. బ్యాటరీ బ్యాకప్ ఉందేమో అని సెక్రటరీ గారు అనుమానం వెలిబుచ్చారు. సోలార్ అయి ఉంటుందని ఇంకొకాయన. రాత్రిపూట సోలారేంటండీ అని ఆయన భార్య. చాలాసేపు ఓపిక పట్టిన మాలి, పక్క ఊరాయన, మెల్లగా నోరు విప్పాడు.

"గది కోయిల సార్. దానికి స్విచ్ ఉండదు."

"నిజం కోయిలా?"

"అవ్ సార్, మగది. ఆడదాన్ని పిలుస్తున్నది."

"ఎంతసేపు పిలుస్తుంది?"

"వచ్చేదాంక సార్."

ఆదివారం అర్జెంట్ మీటింగ్. కోయిల కాకిగూట్లో గుడ్లు పెడుతుందని ఎవరో ఫోన్‌లో చూసి చెప్పారు, అయితే కాకిగూళ్ళు తీయించేస్తే పోద్ది అని ఏకగ్రీవంగా తీర్మానం. గోడ అవతల ఊరివాళ్ళ మర్రిచెట్టు ఉంది, ఆ పళ్ళ కోసమే పిట్టలు చేరుతున్నాయి కాబట్టి ఇటువైపు కొమ్మలు కొట్టించాలని ఇంకో తీర్మానం. వీళ్ళే ప్రతి శనివారం చేవెళ్ళ రోడ్డులో కార్లాపి ఆ పాత మర్రిచెట్ల కింద సెల్ఫీలు దిగుతారు. వాటిని కొట్టకుండా కొంతమంది గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి కొట్లాడారని చెబితే, మరి రోడ్డు ఎప్పుడు వెడల్పు చేస్తారండీ అని అడుగుతారు. అంతకుముందు ఒక జెర్రిపోతుని వాచ్‌మన్ చేత కొట్టించారు. విషం లేని పాము, ఎలకల్ని తినే పాము, పైగా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం చంపితే కేసు. ఆ తర్వాత ఎలకలు కార్ల వైర్లు కొరికితే పెస్ట్ కంట్రోల్‌కి కాంట్రాక్ట్ ఇచ్చారు.

ఉగాదికి మాత్రం క్లబ్‌హౌస్‌లో కవి సమ్మేళనం. మామిడి కొమ్మ, మత్తకోకిల, శాలువాలు, పులిహోర.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. ఆ పండగ పూటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో జేసీబీలు తిరిగాయి, అడ్డంపడ్డ యూనివర్సిటీ పిల్లల్ని పోలీస్ వ్యానెక్కించారు. 400 ఎకరాలు, నెమళ్ళు, చుక్కల జింకలు తిరిగే చోటు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి ఓ వంద ఎకరాలు చదునైపోయింది. నెమళ్ళు అరుస్తున్న వీడియోలు ఈ గ్రూప్‌లో కూడా తిరిగాయి, కింద వరసగా ఏడుపు బొమ్మలు. వాటి కిందే, అదే సాయంత్రం, 'మన వెనకవైపు నెమళ్ళు ఒకటే అరుపులు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు డిస్టర్బ్ అవుతున్నాయి, ఏదన్నా చేయండి' అని. ఏం చేయాలి? చంపాలా? ఫోన్‌లో చచ్చేవాటికి ఏడుపు, గోడ వెనక బతికున్నవాటి మీద కంప్లయింటు, కొంచెమన్నా సిగ్గుండాలి కదా! మీకు అడవి వద్దు, అడవిని కొన్నామని చెప్పుకోవడం కావాలి. ఆ 400 ఎకరాలకి బ్రోచర్ లేదు, గేటు లేదు, గజం రేటు కట్టి అమ్మేదాకా అది ఎవరి కంటికీ అడవిలా ఆనదు, అందుకే లైట్లు పెట్టి మరీ కొట్టగలిగారు.

ఇది గట్టిగానే అన్నాను, మా బావమరిది మొహం మాడ్చుకోలేదు. ఫేజ్ టూ వస్తోందట, వీధులకి పేర్లు పెట్టే కమిటీలో వీడున్నాడట, "తెలుగు పేర్లైతే బాగుంటుంది, నువ్వే చెప్పు బావా" అన్నాడు. కొట్టేసిన వరసలోనే పెట్టుకోండిరా అన్నా, మోదుగ, రేగు, సీతాఫలం, తంగేడు, చివరి సందుకి జెర్రిపోతు. ఆ చివరిది కాస్త డౌటే కానీ మిగతావి అదిరిపోయాయని వాడు ఫోన్‌లో రాసుకున్నాడు.